మూడో నోజిల్

అల్లవరం,
3 జులై 2025, గురువారం.

మావయ్యా, నమస్కారం.

మీరు పారాదీప్ వెళ్ళి నలభై రోజులు దాటింది. పద్నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఒక్కసారీ ఎత్తలేదు. "మా అన్నయ్యకి కొత్త ఊరు, కొత్త పని. సర్దుకోనీవే" అంటుంది అమ్మ. నాకు మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంటోంది. నావల్ల ఏమైనా తప్పు జరిగితే తిట్టండి. మీ తిట్లు నాకు కొత్త కాదు. డ్రైవింగ్ నేర్పినప్పుడు చాలానే తిన్నాను.

ఉత్తరం రాయడం పదో తరగతి పరీక్షలో తప్ప ఇదే మొదటిసారి. కుదురుగా రాకపోతే ఏమనుకోకండి.

మా ఆయనకి మంగళవారం, శుక్రవారం డయాలిసిస్ జరుగుతోంది. కతార్ ఎండల్లో పదకొండేళ్ళు పైపులు బిగించిన మనిషి, ఇప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుని గ్లాసులో నీళ్ళు కొలుచుకుని తాగుతున్నారు. అంగన్వాడీలో సెలవు పెట్టి నేనే అమలాపురం తీసుకెళ్తున్నాను. వెళ్ళేటప్పుడు ముందు సీట్లో కూర్చుని కబుర్లు చెబుతారు. వచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకుంటారు.

అసలు రాయాల్సింది ఆ కారు గురించే. మీరు ఊరు వెళ్ళే ముందురోజు నాలుగు ఇంజెక్టర్లూ విప్పి, నోజిల్స్ బాగుచేసి బిగించి, తాళాలు నా చేతిలో పెట్టారు. ఇరవై రెండేళ్ళ బండి అయినా ఇంక రెండేళ్ళు దీని వంక చూడక్కర్లేదన్నారు. మొదటి రెండు వారాలూ బాగానే నడిచింది. ఇప్పుడు పొద్దున్నే నాలుగైదుసార్లు సెల్ఫ్ కొడితే తప్ప స్టార్ట్ అవడం లేదు. అయ్యాక తెల్లటి పొగ, పచ్చి డీజిల్ వాసన. లోపల్నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు చప్పుడు.

జూన్‌లో ఇంజనాయిల్ హరిబాబు షెడ్డులో మార్పించాను. మీ దగ్గర పని నేర్చుకున్నవాడే అయినా మీ ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవని తెలుసు. కానీ ఆసుపత్రికి దగ్గరగా ఉన్న షెడ్డు అదొక్కటే.

మీరు ఒక్కసారి ఫోన్ ఎత్తితే చాలు. బోనెట్ తెరిచి ఫోన్‌ని ఇంజను పక్కన పెడతాను. కొత్తపేటలో మీ కొట్టు ముందునుంచి లారీ వెళ్తుంటే టీ తాగుతూనే, చప్పుడు విని, దీనికి రెండో ఇంజెక్టర్ పాడైందని చెప్పేవారు కదా. ఇదీ ఇట్టే చెప్పేస్తారు.

ఫోన్ కోసం చూస్తుంటాను.

మీ మేనకోడలు,
దుర్గాభవాని


పారాదీప్,
9 జులై 2025.

అమ్మడూ భవానీ,

నువ్వూ అల్లుడుగారూ చల్లగా ఉండాలి. నీ ఉత్తరం నిన్న అందింది. నీ మీద నాకు కోపం ఏమిటి? అలాంటివి పెట్టుకోకు.

ఈ యార్డులో పనిచేసేటప్పుడు ఫోన్లు దగ్గర ఉంచుకోనివ్వరు. గదిలో సిగ్నల్ ఉండదు. ఇక మీదట ఫోన్ చేయకు, ఉత్తరమే రాయి. ఇక్కడ పనంతా చేపల బోట్ల ఇంజన్లతో. ఒక్కొక్కటీ మన ఇంటి బీరువా అంత ఉంటుంది. ఆరేడు ఒకేసారి నడుస్తుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరం సైగలతోనే పని చేసుకుంటాం. యజమాని శ్యామ్ బాబు అంతర్వేది వైపు మనిషి, మంచివాడు. ఊళ్ళో చేపకి కొదవ లేదు కానీ చింతపండు పులుసు పెట్టేవాళ్ళు లేరు.

ఇంజను చప్పుడు ఫోన్లో పెట్టడం వల్ల లాభం లేదు. ఆ గరగరలో మంచి ఇంజను కూడా చెడ్డదే అనిపిస్తుంది. చప్పుడు ఎలా ఉందో అక్షరాల్లో రాయి.

ఇంజెక్టర్ చేసే పని ఒకటే. పంపు తోసిన డీజిల్‌ని సన్నటి తుంపరగా సిలిండరులోకి కొట్టడం. దాని మూతినే నోజిల్ అంటాం. మూతి బాగుంటే డీజిల్ మంచులా పడి పూర్తిగా మండిపోతుంది. సరిగ్గా మూసుకోకపోతే చుక్కలుగా కారుతుంది. నువ్వు రాసిన పొగా చప్పుడూ ఆ కారడం వల్లే కావచ్చు.

ఏది పాడైందో తేల్చడానికి ఇలా చెయ్యి. ఇంజను నడుస్తుండగా, ముందు నుంచి వరసగా, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు పదిహేడో నంబరు స్పానర్‌తో అర చుట్టు వదులు చేసి మళ్ళీ బిగించు. నట్టు మీద గుడ్డ కప్పు. ఆ డీజిల్ ధారకి చెయ్యి అడ్డం పెట్టావంటే చర్మంలోంచి దూసుకుపోతుంది, జాగ్రత్త. మంచి ఇంజెక్టర్‌ది వదులు చేస్తే ఇంజను తడబడుతుంది. ఏది వదులు చేస్తే తేడా రాదో, అదే పని చేయనిది.

ఇంకో మాట. నేను పెట్టిన నాలుగూ చేతి పంపు మీద పరీక్ష చేసి, మంచి నోజిల్ పలికినట్టు కిర్రుమని పలికాకే బిగించాను. నా తరవాత ఆ బండి మీద చెయ్యి వేసినవాడు హరిబాబు ఒక్కడే. ఆయిల్ మార్చేటప్పుడు ఇంకేమి మార్చాడో అడుగు. మంచి నోజిల్ తీసుకుని పాతది తగిలించడం నిమిషాల్లో పని.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య మంగరాజు


అల్లవరం,
16 జులై 2025, బుధవారం.

మావయ్యగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మొదటిది వదులు చేస్తే ఇంజను కుంటింది. రెండోది, నాలుగోది కూడా అంతే. మూడోదానికి ఏ తేడా రాలేదు. అదే పోయిందన్నమాట. చప్పుడు అక్షరాల్లో రాయమన్నారు కదా. రోట్లో పసుపుకొమ్ములు దంచుతున్నట్టు, పైనుంచి గట్టిగా పడి, లోపల ఇంకో చిన్న మోత మోగుతోంది. వేడెక్కాక చిన్న మోత పోయి పెద్దది మిగులుతోంది.

నిన్న ఆయనకి డయాలిసిస్ జరుగుతుండగా హరిబాబు షెడ్డుకి వెళ్ళాను. నలుగురైదుగురు బళ్ళతో ఉన్నారు. నేను ఆగలేకపోయాను.

"మా మావయ్య పెట్టిన నోజిల్ తీసేసుకుని పాతది తగిలించావా?" అన్నాను.

"ఆయిల్ తప్ప ఇంకేం ముట్టుకోలేదండి అక్కగారూ" అన్నాడు.

"అయితే మా మావయ్య అబద్ధం చెబుతున్నారా?"

"ఆయ్, ఆయనెందుకు చెప్తారండి. బండి ఓ పూట ఇక్కడ వదిలేయండి. నాలుగూ దింపి చూస్తాను. డబ్బులేం వద్దండి."

"నీ చెయ్యి ఇంక దాని మీద పడనివ్వను" అని వచ్చేశాను. నా వెనకే ఒక ట్రాక్టరు డ్రైవరు బండి తిప్పుకుని పోయాడు. హరిబాబు ఎదురు చెప్పలేదు. తప్పు చేసినవాడు కాబట్టే చెప్పలేదనుకున్నాను.

ఇప్పుడు మీ సంగతి. ఈ సోమవారం ఆయన బాత్రూములో కళ్ళు తిరిగి పడిపోయారు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి.  అమ్మ దగ్గరున్న మీ యజమాని నంబరుకి చేశాను. "ఇక్కడే ఉన్నారమ్మా, ఇస్తున్నాను" అని వెంటనే మీకు ఇచ్చారు. యార్డులో ఫోన్లు ఉండనివ్వరన్నారు కదా? సరే. ఆయన పడిపోయారని, తల పగిలిందని, రక్తం చూసి భయమేస్తోందని ఏడుస్తూ చెప్పాను. మీరేమన్నారో గుర్తుందా మావయ్యా?

"ఆయ్, ఆయ్. సంతోషం. చాలా సంతోషం" అని పెట్టేశారు.

అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. ఎలా చెప్పను?

ఒక్కటే నయం. ఆయిల్ తగ్గడం లేదు. ఆయన నీరసంలో కూడా బోనెట్ ఎత్తి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశారు. పై గీత దాటి రెండు వేళ్ళ ఎత్తున ఉందట. జూన్‌లో గీత దగ్గరే ఉండేది. హరిబాబు ఎక్కువ పోసి ఉంటాడు. పోనీలెండి, బండి ఇంకొన్నాళ్ళు లాగుతుంది.

భవాని


పారాదీప్,
21 జులై 2025. స్పీడ్ పోస్టు.

భవానీ,

కారు స్టార్ట్ చేయకు. తక్కిన ఉత్తరం తరవాత చదువు, ముందు ఈ మాట విను.

ఆయిల్ పెరగదమ్మా. ఏ ఇంజనులోనూ పెరగదు. మూడో సిలిండరులో మండకుండా కారిన డీజిల్ గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలుస్తోంది. అదే నీకు పుల్ల మీద కనపడేది. అది ఇంకా పెరిగితే ఇంజను పంపుతో పని లేకుండా ఆ ఆయిల్‌నే పీల్చుకుని మండించుకుంటుంది. అప్పుడు తాళం తీసేసినా ఆగదు. దాని ఇష్టం వచ్చినంత వేగంతో తిరుగుతుంది.

ఒకవేళ ఈ ఉత్తరం చేరేలోపు బండి తీసి, రోడ్డు మీద అలా జరిగితే, తాళం నమ్ముకోకు. న్యూట్రల్ చేయకు. టాప్ గేరులో వేసి, బ్రేకు మీద నిలబడినంత బలంగా తొక్కి, క్లచ్ ఒక్కసారి వదిలేయి. ఇంజను కొట్టుకుని ఆగిపోతుంది. ఆగాక అల్లుడుగారిని దింపి దూరంగా తీసుకుపో.

శుక్రవారం ఆటో మాట్లాడుకో. ఆయిలంతా తీయించు. మూడో ఇంజెక్టర్ విప్పించి నాకు పార్సిల్ చెయ్యి.

అల్లుడుగారి దెబ్బ సంగతి ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ రోజు లైను బాగాలేదు. ఆయనకి నయమైందని చెబుతున్నావనుకున్నాను. ఎంత బాధపడి ఉంటావో.

మూడోదే అని రూఢిగా తెలుసా? ఇంకోసారి చూసి రాయి. వద్దు, చూడకు. స్టార్ట్ చేయకు.

మావయ్య


అమలాపురం, ఆసుపత్రి నుంచి,
26 జులై 2025, శనివారం.

మంగరాజుగారికి,

మీ స్పీడ్ పోస్టు ఇవాళ ఉదయం వచ్చింది. అమ్మ ఆసుపత్రికి తెచ్చి ఇచ్చింది. నిన్న శుక్రవారం.

నిన్న డయాలిసిస్ అయ్యేసరికి రెండున్నర. శ్రావణ శుక్రవారం కదా, దారిలో పూలు తీసుకోమన్నారు ఆయన. తీసుకున్నాను. ఆయన వెనక సీట్లో పడుకున్నారు. ఊరు దాటి కాలవ రోడ్డు ఎక్కాక ఇంజను నేను తొక్కకుండానే వేగం అందుకుంది. కాలు తీసేశాను, తగ్గలేదు. క్లచ్ తొక్కితే ఇంకా పెద్దగా అరిచింది. తాళం తిప్పి లాగేశాను. తాళం నా చేతిలో ఉంది, ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. వెనకంతా పొగ. ఎడమ పక్కన కాలవ నిండుగా పారుతోంది. బ్రేకు మీద బలమంతా పెట్టి, బండిని గట్టు మీదున్న కొబ్బరి చెట్టుకి ఆనించి ఆపాను. ఆపి న్యూట్రల్ చేశాను. వద్దని మీరు రాసిందే చేశాను. ఆ సంగతి ఇవాళ తెలిసింది.

బండి మొత్తం వణుకుతోంది. నిప్పు అంటుకుంటుందనుకున్నాను. వెనక తలుపు తీసి ఆయన్ని లాగాను. ఎడమ చేతికి డయాలిసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు ఉంది. ఆ చెయ్యి పట్టుకోకూడదని డాక్టరు వందసార్లు చెప్పారు. నేను ఆ చెయ్యే పట్టుకుని లాగాను.

రక్తం చిమ్మింది. కొంగు చుట్టి రెండు చేతులతో అదిమిపెట్టి రోడ్డు మీద కూర్చున్నాను. ఇంజను అరుస్తూనే ఉంది. "భవానీ, పూలు కారులో ఉండిపోయేయి" అన్నారు ఆయన. మనిషికి తెలివి తప్పుతోంది. రొయ్యల వ్యాను ఒకటి ఆగి మమ్మల్ని ఎక్కించుకుంది. మేం కదిలేటప్పుడు వెనక పెద్ద మోత మోగి ఇంజను ఆగిపోయింది.

ప్రాణం దక్కింది. ఆ నాళం మాత్రం మూసుకుపోయింది. మళ్ళీ ఆపరేషన్ చేసేదాకా మెడలో గొట్టం పెట్టి డయాలిసిస్ చేస్తారట.

వార్డులోంచి బయటికి వచ్చేసరికి బల్ల మీద హరిబాబు కూర్చుని ఉన్నాడు. నేను పిలవలేదు. ఎవరో చెబితే వచ్చి, కారుని షెడ్డుకి లాగించాడట. ఇవాళ పొద్దున్న నన్ను రమ్మని, నా కళ్ళ ముందు నాలుగు ఇంజెక్టర్లూ దింపాడు. ఒక్కోటి చేతి పంపుకి తగిలించి నొక్కాడు. మూడు కిర్రుమని పలికి మంచులా చిమ్మాయి. మూడో సిలిండరుది పలకలేదు. దాని మూతి నుంచి డీజిల్ చుక్కలు కారాయి. తుడిచి, టార్చి వేసి చూపించాడు. మూతి పక్కన ఇనుము మీద మూడు చుక్కలు కొట్టి ఉన్నాయి.

"ఏ సిలిండరుదో గుర్తుకి గురువుగారు ఇలా పంచు కొడతారండి. ఇది ఆయన పెట్టిందేనండి. నేను మార్చలేదండి" అన్నాడు.

"అయితే ఇది పలకడం లేదని ఆయనకి తెలీదా?" అన్నాను.

పానాలు పెట్టెలో సర్దాడు. తరవాత అన్నాడు, "పలికిందో లేదో ఆయనకి వినపడదండి. చెవులు మందగించి మూడేళ్ళవుతోందండి. మొన్న మే నెలకి బొత్తిగా పోయి ఉంటాయండి."

"నలుగురిలో తిట్టేను కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆయన పరువు పోద్ది కదండీ."

నేను ఒకటే అడుగుతున్నాను. ఇది నిజమా? కథలు వద్దు. అవునో కాదో రాయండి.

దుర్గాభవాని


పారాదీప్,
1 ఆగస్టు 2025.

భవానీ,

అవును.

కథలు వద్దన్నావు. కానీ ఇది నీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డాను. మూడేళ్ళ కిందట ఒకరోజు మంచి నోజిల్ పంపు మీద పెట్టి నొక్కితే కిర్రుమనలేదు. పాడైందని పక్కన పడేశాను. ఇంకోటి పెడితే అదీ అనలేదు. పెట్టెలో ఉన్నవన్నీ పెట్టి చూశాను. అప్పుడు అర్థమైంది, పాడైంది నోజిళ్ళు కాదని. ఆ రోజు కొట్టు తొందరగా మూసి, గౌతమి రేవు దాకా నడిచి వెళ్ళి కూర్చున్నాను.

అప్పటి నుంచి కంటితో చేసుకుపోయాను. చిమ్మిన తుంపర బాగుంటే బాగున్నట్టే అనుకున్నాను. కంటికి మంచిగా కనపడినా లోపల డీజిల్ దారిని మూసే సూది పట్టేసినవి ఉంటాయి. వాటిని చెవి పట్టుకుంటుంది, కన్ను పట్టుకోలేదు. హరిబాబుకి నా సంగతి తెలిసిపోయింది. బండి తెచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే, ఆ మాట నా ముందుకి వచ్చి మళ్ళీ గట్టిగా చెప్పేవాడు. నాకు సాయం చేస్తున్నాడు. నేను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కాదు, అలా అనుకోలేదు. సాయం చేస్తున్నాడని తెలిసే తట్టుకోలేకపోయాను. దొంగతనం అంటగట్టి కొట్టులోంచి పంపేశాను. అతను ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఇక్కడికి ఎందుకు వచ్చానో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. ఈ మోతలో ఎవరికీ చెవులతో పని లేదు. నాది ఎవరూ కనిపెట్టలేదు. వెళ్ళేముందు నీ కారు బాగుచేశాను. ఆఖరి పని, నీ చేతిలో పెట్టేది, శ్రద్ధగా చేయాలనుకున్నాను. మూడోది నొక్కినప్పుడు చేతికి ఏదో తేడా తగిలింది. చెవితో తేల్చుకోవాల్సిన చోటు అది. ఎవరినైనా పిలిచి, ఇది పలుకుతోందా అని అడిగితే సరిపోయేది. మీ అమ్మ పక్కనే కూరగాయలు తరుగుతోంది. అడగలేదు. బిగించేశాను.

నీకు హరిబాబు పేరు రాసినప్పుడు కూడా నాకు ఆ తేడా గుర్తుంది.

ఫోన్లో నీ మాట ఒక్కటీ వినపడలేదు. నువ్వు ఏడుస్తున్నావని కూడా తెలియలేదు. ఏదో మంచి మాటే అయి ఉంటుందని నోటికి వచ్చింది అన్నాను.

వీటన్నిటికంటే పెద్దది ఇంకోటి ఉంది. నీ ఉత్తరం ఇరవై ఒకటిన పదకొండు గంటలకి అందింది. శ్యామ్ బాబు నా ఎదురుగా ఉన్నాడు. ఆయన జేబులో ఫోన్ ఉంది. మా అమ్మాయికి ఫోన్ చేసి కారు తీయవద్దని చెప్పండి అంటే, ఒక్క నిమిషంలో నీకు తెలిసేది. నువ్వే ఎందుకు మాట్లాడవని ఆయన అడుగుతాడు. అప్పుడు చెవుల సంగతి చెప్పాల్సి వస్తుంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్ళాను. మర్నాటి మంగళవారం ఎలాగో గడుస్తుందని, శుక్రవారంలోపు చేరుతుందని లెక్క వేసుకుని, తెలిసి తెలిసి వెళ్ళాను.

అల్లుడుగారి మెడలో గొట్టం నేను పెట్టినట్టే.

హరిబాబు దగ్గరికి వెళ్ళి నా మాటగా చెప్పు, తప్పంతా నాదేనని. నలుగురూ ఉన్నప్పుడు చెప్పు. నాకు ముఖం లేదు.

మంగరాజు


అల్లవరం,
7 ఆగస్టు 2025, గురువారం.

మావయ్యా,

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. విన్నాక నీళ్ళ గ్లాసు పక్కన పెట్టారు. తరవాత, "మా కంపెనీలో మోకాళ్ళ నొప్పులు దాచుకుని ఎత్తులు ఎక్కినవాళ్ళని చూసేనే. పంపించేస్తారని భయం" అన్నారు. అంతకుమించి అడగకండి. క్షమించారో లేదో నాకు తెలియదు. నేనైతే క్షమించలేదు.

మధ్యలో వచ్చిన జ్వరం తగ్గింది. మెడ గొట్టం వల్ల స్నానం కష్టంగా ఉంది. కొత్తగా కుడి చేతికి ఆపరేషన్ చేస్తామన్నారు. అది పనికి రావడానికి రెండు నెలలు పడుతుందట.

హరిబాబు దగ్గరికి వెళ్ళాను. షెడ్డు నిండా జనం ఉన్న వేళ చూసుకుని, నేను ఆ రోజు అన్న ప్రతి మాటా తప్పని అందరికీ వినపడేలా చెప్పాను.  నా వంతు అయింది.

మీ వంతు నేను చెప్పను. మీ మాటలు మోసుకెళ్ళి అప్పజెప్పడానికి నేను మనిషినే కానీ పోస్టు డబ్బాని కాను. ముఖం లేదన్నారు. ఉన్న ముఖంతోనే రండి. వస్తే మా ఇంట్లో దిగండి. అమ్మకి మీ చెవుల సంగతి చెప్పేశాను. మొదట ఏడ్చింది, తరవాత తిట్టింది. కూరగాయలు తరుగుతూ పక్కనే ఉన్న తనని పిలవలేదన్న చోటు మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

భవాని


పారాదీప్, 13 ఆగస్టు.

భవానీ,

శనివారం కటక్‌లో రైలెక్కుతాను. ఆదివారం రాజమండ్రి, అక్కడి నుంచి బస్సు. శ్యామ్ బాబుకి నిజం చెప్పాను. ఆయనకి మొదటి నెలలోనే తెలుసునట.

స్టాండుకి ఎవరూ రావద్దు. నాతో మాట్లాడేటప్పుడు అరవకండి. నా ముఖంలోకి చూసి నెమ్మదిగా చెప్పండి, పెదాలని బట్టి కొంత తెలుస్తుంది.

మంగరాజు


మన ఇల్లు, అల్లవరం,
28 ఆగస్టు 2025, గురువారం.

మావయ్యా,

మీరు అరుగు మీద ఆయన పక్కన కూర్చుని పేపరు చదువుతున్నారు. నేను వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందులో ఉన్నవి అరిచి చెబితే వీధంతా వింటుంది. పెదాలు చూసి అందుకోవడానికి మరీ ఎక్కువ. అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

మొన్న సోమవారం హరిబాబు షెడ్డులో మీరు నిలబడి, "నోజిల్ నేను పెట్టేనండి. నాకు చెవులు వినపడవు. ఆ సంగతి దాచి ఈ అబ్బాయి మీద నింద వేసేను. ఒకసారి కాదు, రెండుసార్లు వేసేను" అన్నారు. మీకు తెలియలేదు కానీ మీ గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే, రోడ్డుకి అటుపక్క టీ కొట్టులో వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. హరిబాబు తల దించుకుని మీ చెయ్యి పట్టుకున్నాడు. ఏం అనలేదు. మీరు ఇటు తిరిగి కారు దగ్గరికి వెళ్ళిపోయారు. అతను ఏమీ అనకపోవడం మిమ్మల్ని మూడు రోజుల నుంచి తినేస్తోందని నాకు తెలుసు. అన్నం దగ్గర చూస్తున్నాను.

అతను అన్నాడు మావయ్యా. మీరు అటు తిరిగాక అన్నాడు.

అక్కడున్నవాళ్ళలో ఒకతను నవ్వుతూ, "ఎవరయ్యా ఈ చెవిటాయన?" అన్నాడు. హరిబాబు చేతిలో స్పానర్ కింద పెట్టి, "మా గురువుగారండి. నాకు వచ్చిన పనంతా ఆయన పెట్టిందేనండి. అలా అనకండి" అన్నాడు.  అప్పుడు హరిబాబు నా వైపు తిరిగి, "ఆయన పంపు నొక్కితే నేను వింటానండి. ఆయన చేతికి తెలిసింది నా చెవికి తెలీదు. అడిగితే వస్తారంటారా అక్కగారూ?" అని అడిగాడు. మిమ్మల్నే అడగమన్నాను. అడగడానికి అతనికి మొహమాటం. మీరేం అంటారో నాకు తెలియదు, అది మీ ఇద్దరి సంగతి.

నా సంగతి రాస్తాను. నాకు కోపం పోలేదు. ఆయన మెడ దగ్గర కట్టు మార్చిన ప్రతిసారీ వస్తుంది. మీకు ఫోన్ చేయించే దారి ఉండి పోస్టాఫీసుకి నడిచారన్నది ఎప్పుడు తలుచుకున్నా, కాలవ రోడ్డు మీద కూర్చున్నట్టే ఉంటుంది. మీరు ఇక్కడ ఉండగా ఒక్కోసారి మాట్లాడకుండా మొహం తిప్పుకుని వెళ్ళిపోతాను. అప్పుడు నేనేదో అన్నాను, మీకే వినపడలేదని అనుకోకండి. ఏమీ అనలేదనే అర్థం.

కానీ మళ్ళీ వెళ్ళిపోతానని మొన్న అమ్మతో అన్నారట. వెళ్ళకండి. వెళితే నా కోపానికి మనిషి ఉండడు, ఆయనకి అరుగు మీద తోడు ఉండదు. చెవుల డాక్టరుకి రాజమండ్రిలో వచ్చే బుధవారం రాయించాను. మిషను పెడితే కొంత వినపడవచ్చన్నారు, రూఢిగా చెప్పలేదు.

రేపు శుక్రవారం. కారు ఎప్పటికి లేస్తుందో హరిబాబు చెప్పలేకపోతున్నాడు. ఆటో ఏడింటికి వస్తుంది. వచ్చేటప్పుడు ఆయన్ని దించడానికి ఇంకో మనిషి కావాలి. రండి.

ఇది చదవడం అయ్యాక లోపలికి రండి. కాఫీ కలుపుతున్నాను. పిలిస్తే వినపడదు కాబట్టి రాశాను.

భవాని